మేనల్లుడికి ఈ మాట ఎలా చెప్పను?

ప్రశ్న

మేడమ్, మాది కావలి దగ్గర పల్లె. ఇరవై ఏళ్లుగా చెన్నైలో, కొళత్తూరులో ఉంటున్నాం. మా అక్క కొడుక్కి 22 ఏళ్లు. ఈ మధ్యే బీటెక్ అయింది, క్యాంపస్‌లో ఉద్యోగం కూడా వచ్చింది. మోకాలి పైన నొప్పి అంటే క్రికెట్ ఆడి బెణికించుకున్నాడనుకున్నాం. రెండు నెలలు కట్లు, నూనెలతోనే గడిచిపోయాయి. చివరికి ఇక్కడికి తీసుకొచ్చి బయాప్సీ చేయిస్తే తొడ ఎముకలో ఈవింగ్ సార్కోమా అనే క్యాన్సర్ అన్నారు. ఇంకెక్కడికీ పాకలేదట. వచ్చే మంగళవారం కీమో మొదలు.

నిన్న డాక్టరు గారు తమిళం, ఇంగ్లీషు కలిపి గబగబా చెప్పారు. ఈ మందుల వల్ల తర్వాత పిల్లలు పుట్టకపోవచ్చు, కావాలంటే కీమోకి ముందే స్పెర్మ్ బ్యాంకింగ్, అంటే వీర్యం తీసి దాచిపెట్టడం, చేయించుకోండి అని. ఆ టైములో వాడు స్కానింగ్‌లో ఉన్నాడు. అక్కకీ బావకీ తమిళం రాదు, నేనే తెలుగులో చెప్పాలి. అక్క మాత్రం ‘కుళందై’ అన్న ఒక్క మాట పట్టుకుంది. “పిల్లల సంగతి ఏదో అన్నాడే, ఏందిరా?” అంది. “ఏం లేదక్కా, చిన్నపిల్లాడే కదా, తట్టుకుంటాడంటున్నారు” అనేశాను.

బావ క్యాన్సర్ అన్న మాట విన్నప్పటి నుంచీ నోరు విప్పడం లేదు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మా అమ్మాయిని వాడికే చేసుకుంటానని అక్క మొదటి నుంచీ అంటూ ఉంటుంది. ఇప్పుడు పిల్లల మాట నేనెత్తితే, నా కూతురి సంగతి చూసుకుంటున్నానని అక్క అనుకోదా? పోనీ వాడితోనే చెబుదామంటే, చంకనెత్తుకుని తిప్పినవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని ఆ మాట ఎత్తను? ప్రాణం దక్కితే చాలు, ఇవన్నీ ఇప్పుడెందుకు అని కూడా ఒక పక్క అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

– ఒక మేనమామ, చెన్నై

సమాధానం

(ఈ ఉత్తరం ఒక బుధవారం రాత్రి వచ్చింది. కీమో మంగళవారమే కాబట్టి ఆగకుండా మర్నాడు పొద్దున్నే జవాబు పంపాను. ఆయన ఒప్పుకున్నాక, ఆనవాళ్లు కొన్ని మార్చి దాదాపు అదే జవాబు ఇక్కడ ఇస్తున్నాను.)

ముందు పని, తర్వాత మాటలు. ఇక్కడితో చదవడం ఆపి, ఆస్పత్రిలో మీవాడి ఫైలు చూసే నర్సుకో కోఆర్డినేటర్‌కో ఫోన్ చేయండి. “డాక్టరు గారు స్పెర్మ్ బ్యాంకింగ్ అన్నారు, మీరు ఏ ల్యాబ్‌కి పంపుతారు, రేపు అపాయింట్‌మెంట్ దొరుకుతుందా?” అని అడగండి. ఇవాళ గురువారం. ఆదివారం ల్యాబ్ మూసి ఉన్నా శుక్ర, శని, సోమ మూడు రోజులు మీ చేతిలో ఉన్నాయి. మగపిల్లాడి విషయంలో అది చాలు, కీమో వాయిదా వేయాల్సిన పని ఉండదు. బుక్ చేసినంత మాత్రాన వాడు వెళ్లి తీరాలని కాదు. వద్దంటే ఇంకో ఫోన్ చేసి క్యాన్సిల్ చేస్తారు, అంతే. బుక్ చేయకపోతే మాత్రం, వాడు సోమవారం సాయంత్రం సరేనన్నా ఎక్కడికి తీసుకెళ్లాలో మీకు తెలియదు.

అయిందా? ఇక అసలు సంగతి.

ఈవింగ్ సార్కోమాకి మామూలుగా ఇచ్చే కీమోలో ఐదు మందులు ఉంటాయి. విన్‌క్రిస్టిన్, డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ ఒక విడత. ఐఫాస్ఫమైడ్, ఎటోపొసైడ్ ఇంకో విడత. అలా మార్చి మార్చి నెలల తరబడి ఎక్కిస్తారు. వార్డులో అందరూ బెదిరిపోయేది ఎర్రగా షర్బత్తులా ఉండే డాక్సోరుబిసిన్‌ని చూసి. దాని భయం దానికుంది, గుండె విషయంలో జాగ్రత్త పడాల్సింది దానితోనే. పిల్లల విషయానికొస్తే మాత్రం అసలు దెబ్బ కొట్టేవి నీళ్లలా రంగు లేకుండా ఉండే సైక్లోఫాస్ఫమైడ్, ఐఫాస్ఫమైడ్. మొత్తం డోసు పెరిగేకొద్దీ ముప్పూ పెరుగుతుంది. వృషణాల్లో వీర్యకణాలను తయారుచేసే మూలకణాలుంటాయి. అవి బతికి ఉంటే చికిత్స అయిపోయిన ఏడాదికో, రెండుమూడేళ్లకో తయారీ మళ్లీ మొదలవుతుంది. అవే పోతే ఇక మొదలు కాదు. ఫలానావాడికి ఏది జరుగుతుందో ముందుగా చెప్పే పరీక్ష లేదు. అందుకే మొదటి సీసా ఎక్కకముందే దాచుకోమంటారు. ఒకసారి కీమో మొదలయ్యాక వచ్చే కణాల్లో జన్యుపదార్థం దెబ్బతిని ఉండొచ్చు, అందుకే అప్పుడు తీసి దాచడాన్ని డాక్టర్లు ఇష్టపడరు. “రెండు విడతలయ్యాక కొంచెం కుదుటపడి చూద్దాం” అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు చూడండి, ఆ మాటకి లొంగొద్దు.

ఇప్పుడు మీ అక్కతో మీరన్న అబద్ధం. దానికి మిమ్మల్ని తిట్టే అర్హత నాకు లేదు. 19 ఏళ్లు చెన్నైలోనే ఒక క్యాన్సర్ ఆస్పత్రిలో కౌన్సెలర్‌గా పనిచేశాను. నెల్లూరు, ఒంగోలు, చిత్తూరు వైపు నుంచి వచ్చే మనవాళ్లకి డాక్టరు మాట తెలుగులో చెప్పడం నా పనిలో సగం. చేరిన మొదటి ఏడాదే లింఫోమా అనే క్యాన్సర్‌తో 20 ఏళ్ల కుర్రాడొకడు వచ్చాడు. డాక్టరు ఇదే మాట తమిళంలో చెబుతుంటే, వాళ్ల నాన్న నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఆయనకి సంగతి అర్థమైపోయింది, కొడుక్కి చెప్పొద్దని ఆ సైగ. నేను చెప్పలేదు. “మందులు బలంగా ఉంటాయి, ధైర్యంగా ఉండు” అని తేల్చేశాను. ఏడేళ్ల తర్వాత ఆ అబ్బాయి భార్యతో కలిసి వచ్చాడు. చేతిలో వీర్య పరీక్ష రిపోర్టు, కణాలు సున్నా. నన్ను గుర్తుపట్టి ఒకటే అడిగాడు. “మేడమ్, ఆ రోజు ఆయన తమిళంలో చాలాసేపు మాట్లాడాడు, మీరు తెలుగులో రెండు ముక్కలే చెప్పారు. మిగతాది ఇదేనా?”

ఆ తర్వాత ఎవరి కళ్లలోకి చూసీ మాట మింగలేదు. డాక్టరు పది మాటలంటే ఆ పదీ తెలుగులోకి రావాల్సిందే. రెండు భాషలూ వచ్చినవాడు మధ్యలో జల్లెడ పట్టకూడదు.

ఇక ఎవరికి ముందు చెప్పాలన్నది. మీ ఉత్తరమంతా అక్క, బావ, మీరు, మీ అమ్మాయి. జబ్బు చేసినవాడు అందులో స్కానింగ్ గదిలోనే ఉండిపోయాడు. వాడికి 22 ఏళ్లు. 2021లో వచ్చిన ఏఆర్‌టీ చట్టం (సంతానం కోసం చేసే చికిత్సల చట్టం) ప్రకారం శాంపిల్ దాచాలంటే రాతపూర్వకమైన సమ్మతి కావాలి. ఆ సంతకం వాడిదే, మీది చెల్లదు, వాళ్ల నాన్నదీ చెల్లదు. కాబట్టి వాడికి చెప్పకుండా జరిగే దారి ఎలాగూ లేదు. ముందు వాడికి చెప్పండి. అమ్మానాన్నలకి ఎంతవరకు చెప్పాలో వాణ్ణే అడగండి. అక్కని పక్కనపెట్టి కొడుకుతో మాట్లాడటం మర్యాద కాదని మీకు అనిపిస్తుంది. మామూలు రోజుల్లో అది నిజమే. కానీ ఇది వాడి ఒంటికి సంబంధించిన సంగతి, వాడికంటే ముందు ఇల్లంతా మాట్లాడుకున్నారని తెలిస్తే వాడెంత నొచ్చుకుంటాడో ఆలోచించండి.

ఈ సాయంత్రమే చెప్పండి. వార్డులో వద్దు, పక్క మంచం వాళ్ల చెవులన్నీ ఇటే ఉంటాయి. మీ ఇంట్లో అయితే మీ ఆవిడని అక్కబావలతో మైలాపూరు కపాలీశ్వరుడి గుడికి పంపించండి. కొళత్తూరు నుంచి మైలాపూరు వెళ్లి రావడానికి ఎంత పడుతుందో మీకు నేను చెప్పాలా, రెండు మూడు గంటలు ఇల్లు మీ ఇద్దరిదే. వాడు కాలు చాపుకుని కూర్చుని ఉంటే మీరు పక్కన కూర్చోండి, ఎదురుగా కాదు. టీవీలో మ్యాచ్ నడుస్తుంటే నడవనివ్వండి, సౌండు తగ్గిస్తే చాలు.

మాట ఎలా మొదలెట్టాలంటారా? దగ్గరి దారి జుట్టు. కీమోలో జుట్టు ఊడుతుందని వాడికి ఈపాటికి తెలిసే ఉంటుంది. ఇలా అనొచ్చు. “రేయ్ అల్లుడూ, ఈ మందులు వేగంగా పెరిగే కణాలన్నిటి మీదా పడతాయంట. జుట్టు ఊడేది అందుకే. వీర్యకణాలు కూడా అలాగే వేగంగా తయారవుతాయి. జుట్టు మళ్లీ వస్తుంది, అవి మళ్లీ వస్తాయో రావో చెప్పలేమన్నారు డాక్టరు గారు. అందుకని మంగళవారంలోపు శాంపిల్ ఇస్తే ఫ్రీజ్ చేసి పెడతారంట. మొన్న నువ్వు స్కానింగ్‌లో ఉన్నప్పుడు చెప్పారు, నీకు చెప్పకుండా ఎవరికీ చెప్పలేదు నేను. రేపటికి టైము అడిగి పెట్టాను. వెళ్లాలా వద్దా అన్నది నీ ఇష్టం.” ఇంతే. ఆ తర్వాత ఊరుకోండి. మనవాళ్లకి ఊరుకోవడం చేతకాదు, వాడు ఆలోచించుకునే లోపే “ఏం కాదులేరా, దేవుడున్నాడు” అని పూడ్చేస్తాం. ఆ గ్యాప్ వాడికి కావాలి. శాంపిల్ ఎలా ఇస్తారని 22 ఏళ్ల కుర్రాడికి విడమర్చి చెప్పక్కర్లేదు. మీరు సిగ్గుపడుతున్న ఆ ఒక్క భాగం వాడికి మీకంటే బాగా తెలుసు.

వాడి నోటి నుంచి వచ్చే ప్రశ్నలు నేను ఊహించగలను. మొదటిది పైకి అడగడు, లోపల మెదులుతుంది: “నేనింక మగాణ్ణి కాకుండా పోతానా?” మీరే అనండి, పిల్లలు పుట్టకపోవడం వేరు, మగతనం పోవడం వేరు అని. మగ హార్మోను తయారుచేసే కణాలు వీర్యం తయారుచేసేవాటికంటే గట్టివి, కీమోని చాలావరకు తట్టుకుంటాయి. గొంతు, గడ్డం, కోరిక, భార్యతో కాపురం, ఇవేవీ ఈ కారణంగా పోవు. చికిత్స నడిచే నెలల్లో నీరసం వల్ల ఆసక్తి తగ్గుతుంది, అది వేరే. మన ఊళ్లలో ఈ రెండిటినీ ఒకే మాటతో తిట్టే అలవాటు ఉంది కాబట్టి దీన్ని రెండుసార్లు చెప్పినా తప్పులేదు.

రెండోది, “నా జబ్బు పిల్లలకి వస్తుందా?” దాచిన వీర్యం ద్వారా క్యాన్సర్ బిడ్డకి అంటుకోదు. వంశపారంపర్యంగా వచ్చే క్యాన్సర్లు కొన్ని ఉన్నాయి, ఈవింగ్ సార్కోమా మామూలుగా ఆ కోవలోకి రాదు. మూడోది, “ఎన్నేళ్లు నిల్వ ఉంటుంది?” మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో పెడతారు. ఆ చలిలో కణానికి వయసు పెరగదు. ఇంగ్లండులో 17 ఏళ్ల వయసులో వృషణ క్యాన్సర్ వచ్చిన ఒక కుర్రాడు దాచుకున్న వీర్యంతో 21 ఏళ్ల తర్వాత బిడ్డ పుట్టిందని 2004లో వైద్య పత్రికల్లో వచ్చింది. వాడు క్రికెట్ ఆడతాడన్నారు కాబట్టి యువరాజ్ సింగ్ మాట కూడా ఎత్తొచ్చు. 2011 వరల్డ్ కప్ ఆడినవాడు 2012లో అమెరికాలో కీమో చేయించుకున్నాడు, 2022లో తండ్రయ్యాడు. ఆయన జబ్బు వేరు, మందులు వేరు. దీన్ని రుజువుగా చూపించొద్దు, మాట కలపడానికి పనికొస్తుందంతే.

నాలుగోది అడిగితే మాత్రం జాగ్రత్త. “మామా, అసలు నేను బతుకుతానా?” పిల్లల మాట వినగానే కొందరికి చావు మాట గుర్తొస్తుంది. తొందరపడి ఒట్టు వేయొద్దు. “నయం చేయడానికే వైద్యం మొదలెడుతున్నామని డాక్టరు చెప్పారు, మంగళవారం నువ్వే ఆయన్ని నేరుగా అడుగు, నేను పక్కనే ఉండి ఉన్నదున్నట్టు తెలుగులో చెబుతా” అనండి. మొన్నటి అబద్ధానికి అదే విరుగుడు.

శుక్రవారం పని గురించి. రెండుమూడు రోజులు ఆగి ఇస్తే కణాలు ఎక్కువ ఉంటాయి, కానీ మీకు టైము లేదు కాబట్టి రోజు విడిచి రోజు, కుదరకపోతే రోజూ ఇచ్చినా తీసుకుంటారు. రెండు మూడు శాంపిళ్లు ఉంటే మంచిది. జ్వరం, జబ్బు వల్ల కణాలు తక్కువగా కనిపించొచ్చు. రిపోర్టులో అంకె చూసి మొహం వేలాడేసుకోకండి. 1992లో బ్రస్సెల్స్ డాక్టర్లు ఇక్సీ అనే పద్ధతిలో ఒక్క కణాన్ని సూదితో అండంలోకి పంపి గర్భం నిలపగలమని చూపించారు. అప్పటి నుంచి కొద్దిపాటి కణాలు కూడా పనికొస్తున్నాయి. నొప్పికి ట్రమడాల్ లాంటివి వాడుతుంటే శాంపిల్ రావడం కష్టమవుతుంది, ఆ సంగతి ల్యాబ్‌లో ముందే చెప్పమనండి. మొదటిసారి టెన్షన్‌తో కుదరకపోవడం చాలా మామూలు. బయట కుర్చీలో అమ్మ కూర్చుని ఎదురు చూస్తుంటే ఎవరికైనా కుదరదు! దయచేసి అక్కని ఆ రోజు ల్యాబ్‌కి తీసుకెళ్లకండి. మీరు కూడా కింద టీ కొట్టు దగ్గర ఉండండి. ఇంట్లో ఇచ్చి పట్టుకెళ్లొచ్చు గానీ, వేడి తగ్గకుండా గంటలోపు ల్యాబ్‌లో ఉండాలంటారు. చెన్నై ట్రాఫిక్‌ని నమ్మి ఆ పని పెట్టుకోమని నేనైతే చెప్పను. ఎన్నిసార్లు ప్రయత్నించినా రాకపోతే చిన్న ఆపరేషన్‌తో వృషణం నుంచే తీసే పద్ధతి ఉంది. ఆ దాకా వస్తే ఆంకాలజిస్టు (క్యాన్సర్ డాక్టరు), ఆండ్రాలజిస్టు (మగవాళ్ల సంతాన సమస్యలు చూసే డాక్టరు) కలిసి తేలుస్తారు.

వాడు వద్దంటే? “నాకు పెళ్లే వద్దు, వదిలెయ్ మామా” అని కసురుకోవచ్చు. ఆ రాత్రికి వదిలేయండి. మర్నాడు ఒక్కసారి, డాక్టరుతోనో నర్సుతోనో మీరు లేనప్పుడు మాట్లాడే వీలు కల్పించండి. మామయ్య దగ్గర వద్దన్నవాడు తెలియని మగ నర్సు దగ్గర సరే అనడం నేను చాలాసార్లు చూశాను. అప్పటికీ వద్దంటే వద్దనే. మీ అందరి కోసం వాడు ఆ గదిలోకి వెళ్లకూడదు.

ఫారంలో ఒక గడి ఉంటుంది, దాని గురించి ముందే చెబుతున్నాను, లేకపోతే అక్కడ కంగు తింటారు. శాంపిల్ ఇచ్చిన మనిషి చనిపోతే దాన్ని ఏం చేయాలి అని అడుగుతారు. క్యాన్సర్ అని ఉన్నందుకు అడిగేది కాదు, చట్టం అందరి దగ్గరా రాయించుకోమంటుంది. మనిషి పోయాక ఆ శాంపిల్ ఎవరిదన్నది ఎంత చిక్కు తెస్తుందో 2024 అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు ముందుకొచ్చిన కేసులో చూశాం. 2020లో కీమోకి ముందు వీర్యం దాచుకున్న పెళ్లికాని యువకుడు చనిపోయాడు. ఆ శాంపిల్ తమకివ్వమని తల్లిదండ్రులు ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగారు, చివరికి ఇవ్వమని తీర్పు వచ్చింది. ఎవరి పక్షం న్యాయమన్నది మనం తేల్చక్కర్లేదు. ఆ గడి వాడే నింపాలి, మీరు వెనక నుంచి తొంగి చూడొద్దు. నాకు తెలిసిన ఒక అబ్బాయి దానిమీద పెన్ను పెట్టి రెండు నిమిషాలు ఆలోచించి, నింపి, “అమ్మకి చూపించకండి మేడమ్” అన్నాడు. నేను చూపించలేదు. డాక్టరు మాట మింగడం వేరు, రోగి దాచమన్నది దాచడం వేరు.

ల్యాబ్‌ని అడగాల్సినవి కూడా ఉన్నాయి: చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా, ఏటా నిల్వ ఫీజు ఎంత, చట్టంలో నిల్వకి పదేళ్ల గడువు ఒకటుంది కదా అది మాకెలా వర్తిస్తుంది, గడువయ్యాక ఏం చేస్తారు. జవాబులు నోటిమాటగా కాదు, కాగితం మీద తీసుకోండి. ఖర్చు వేలల్లో ఉంటుంది, కీమో బిల్లు ముందు చిన్నదే. బీమాల్లో మామూలుగా ఇది రాదు, చేతి డబ్బు సిద్ధంగా పెట్టుకోండి.

ఇక మీ అక్క. “ప్రాణం దక్కితే చాలు” అని మీకే అనిపిస్తోందంటే ఆమెకి పదింతలు అనిపిస్తుంది. ఆ మాటతో వాదానికి దిగొద్దు. “అక్కా, డాక్టరే వీడు బతికి పెళ్లి చేసుకుంటాడనే లెక్కలో మాట్లాడుతున్నాడు, మనమెందుకు తక్కువ లెక్క వేయాలి?” అనండి. ఇది ఓదార్పు కోసం అల్లిన మాట కాదు. పిల్లల సంగతి డాక్టరు ఎత్తాడంటే తర్వాతి జీవితాన్ని కూడా లెక్కలో పెట్టుకున్నాడనే. ఏడిస్తే ఏడవనివ్వండి. ఏడుస్తుందని చెప్పకపోతే, ఎందుకు చెప్పలేదని రేపు ఇంకోలా ఏడుస్తుంది.

బావ మౌనం గురించి నాకు మీ అంత దిగులు లేదు. మాట్లాడమని ఒత్తిడి చేయకండి, ఆయనకి ఒక పని ఇవ్వండి. ఫీజు రసీదు, డాక్టరు ఉత్తరం, రిపోర్టులు, ఈ ఫైలు ఆయన చేతిలో పెట్టండి. మాట పోయిన తండ్రులు ఆ ఫైలుని పట్టుకున్న తీరు చూస్తే మీకే తెలుస్తుంది, లోపల ఏముందో.

మీ అమ్మాయి విషయం దీనితో కలపనే వద్దు. అక్క అనుమానపడుతుందేమోనని మేనల్లుడికి దొరికిన మూడు రోజులూ పోగొడతారా? ఆమె అలా అన్నా, “నా కూతురి మాట ఇవాళ ఎవరూ ఎత్తొద్దు, వీడికి నయమయ్యాక వాళ్లిద్దరూ ఏమంటే అది” అని ఒక్క వాక్యంలో కట్టేయండి. (మేనరికాల మీద నా అభిప్రాయం వేరే ఉంది, అది ఇంకో ఉత్తరానికి.) ఒక్కటి మాత్రం ఇప్పుడే చెబుతాను. రేపు వాడికి ఎక్కడ సంబంధం కుదిరినా జబ్బు సంగతీ, ఈ దాచిన సంగతీ అమ్మాయికి ముందే తెలియాలి. అది చెప్పాల్సిందీ వాడే.

ఇది చదివే ఇళ్లలో ఆడపిల్లలకి జబ్బు చేసినవాళ్లూ ఉంటారు, వాళ్ల కోసం నాలుగు మాటలు. అమ్మాయిల విషయం ఇంత తేలిక కాదు. అండాలు దాచాలంటే పది నుంచి పద్నాలుగు రోజులు హార్మోను ఇంజెక్షన్లు పడతాయి. ఇదివరకు నెలసరి కోసం ఆగేవారు, ఇప్పుడు ఏ రోజైనా మొదలెట్టే పద్ధతి ఉంది. హార్మోన్లతో పెరిగే రొమ్ము క్యాన్సర్ అయితే లెట్రోజోల్ అనే మాత్ర జతచేసి హార్మోను మరీ పెరగకుండా చూస్తారు. అన్నాళ్లు ఆగలేని జబ్బుల్లోనూ, ఇంకా పెద్దమనిషి కాని పిల్లల్లోనూ అండాశయం ముక్క తీసి దాచి, నయమయ్యాక తిరిగి అతికిస్తారు. ఆ దారిలో మొదటి బిడ్డ 2004లో బెల్జియంలో పుట్టింది. రక్త క్యాన్సర్లలో మాత్రం ఆ ముక్కతో పాటు జబ్బు కణాలు తిరిగొచ్చే భయం ఉంది, అక్కడ చాలా ఆలోచిస్తారు. పెళ్లికాని పిల్లకి కింది నుంచి పరీక్ష, సూది అనగానే తల్లులు వెనక్కి లాగేస్తారు. ఆ బిడియాన్ని నేను వెక్కిరించను, కానీ లోపలే పెట్టుకోకుండా డాక్టరును అడగండి. కొందరికి పొట్ట మీద నుంచి కూడా చేయగలరు. ఖర్చు మందులతో కలిపి లక్ష పైమాటే. ఇంకా ఈడు రాని మగపిల్లల్లో వృషణ కణజాలం దాచడం ఇప్పటికీ పరిశోధన దశలోనే ఉంది, ఎవరైనా గ్యారంటీ అంటే నమ్మకండి.

గ్యారంటీ అన్నమాట వచ్చింది కాబట్టి, మీవాడి విషయంలోనూ అది లేదు. దాచిన కణాల్లో కొన్ని కరిగించేటప్పుడు చచ్చిపోతాయి, ఐవీఎఫ్ (ల్యాబ్‌లో అండాన్నీ వీర్యకణాన్నీ కలపడం) ప్రతిసారీ ఫలించదు. మరో వైపు, సొంత కణాలే తిరిగొచ్చి, దాచినదాన్ని ముట్టుకునే పనే లేనివాళ్లూ ఉన్నారు. చికిత్స అయ్యాక ఏడాదికి, రెండేళ్లకి ఒకసారి వీర్య పరీక్ష చేయించుకుంటే ఏది జరిగిందో తెలుస్తుంది. అప్పటిదాకా “ఎలాగూ పుట్టరు కదా” అన్న ధీమా పనికిరాదు. కీమో నడుస్తున్నప్పుడూ, ఆ తర్వాత డాక్టరు చెప్పినన్నాళ్లూ గర్భం రాకుండా జాగ్రత్త పడాలి. ఈ ముక్క మీరు చెప్పలేకపోతే డాక్టరుతో చెప్పించండి, సిగ్గుకి ఈ మాత్రం మినహాయింపు ఇస్తాను.

రేపటికి డాక్టరు ఉత్తరం, వాడి ఆధార్ కార్డు పట్టుకోండి. హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు అడుగుతారు. బయాప్సీ అప్పుడు చేసినవి ఫైల్లో ఉంటే తీసుకెళ్లి చూపించండి, మళ్లీ డబ్బు కట్టక్కర్లేకపోవచ్చు. ఆటో వద్దు, ఆ ఎముక గుంతల కుదుపుకి విరిగే స్థితిలో ఉండొచ్చు. కాలు చాపుకునే వీలున్న కారు మాట్లాడండి. ఫారంలో ఫోన్ నంబరు అన్నచోట మీది రాసేయకండి, వాడి నంబరే రాయించండి. నిల్వ ఫీజు కట్టమని ఏటా మెసేజ్ వచ్చేది ఆ నంబరుకే.